ఉగాదికి ముందు నల్లమలలో: మన్ననూరు నుంచి భీమునికొలను దాకా ఆరు రోజులు

కృష్ణకు రెండు ఒడ్డులా పరుచుకున్న ఒకే అడవి నల్లమల. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక నదికి ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా తెలంగాణకు, దక్షిణాన ఉన్నది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వుగా ఆంధ్రప్రదేశ్‌కు మిగిలాయి. పులికి ఆ గీత పట్టదు. పల్లెల మందలకూ, తేనె తీసేవాళ్లకూ, శివయ్య భక్తులకూ అంతే.

ఊళ్లవల్లే అడవి పోతోందని కొందరు, ఊళ్లవల్లే అడవి నిలిచిందని కొందరు తేల్చి చెబుతుంటారు. ఏ ఊరు, ఏ పని, ఏ నెల, చేతిలో ఏ పనిముట్టు అని అడగకుండా చెప్పే ఏ మాటా నల్లమలలో నిలవదు. ఆ నాలుగూ ఒకేసారి కళ్లకు కట్టే సమయం ఉగాదికి ముందు వారం. ఇప్ప రాలుతుంటుంది, ఆకు రాలి నేలంతా ఎండుటాకు పరుచుకుంటుంది, వాగులు మడుగులుగా చీలిపోతాయి, శ్రీశైలానికి నడిచే కన్నడ భక్తుల కాలిబాట తెరుచుకుంటుంది. పెంటల్లోకి, అంటే అడవిలోని చెంచు గూడేల్లోకి, కాలిబాటలోకి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

మొదటి రోజు: మన్ననూరు, అమ్రాబాద్ చేల అంచు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో దాదాపు 140 కిలోమీటర్లు వస్తే మన్ననూరు చెక్‌పోస్టు. అక్కడినుంచి నేరుగా అడవిలోకి పోకుండా ముందు ఎడమకు తిరిగి అమ్రాబాద్, పదర వైపు చేలు చూడాలి. అడవికి తగిలే దెబ్బల్లో చాలావాటికి మొదలు ఇక్కడే ఉంది.

ఈ నెలలో యాసంగి పల్లి తవ్వకానికి వచ్చి ఉంటుంది. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగిందంటే చాళ్లకు చాళ్లు దున్నినట్టు పోతాయి. తిన్నదానికన్నా పెకలించి పారేసిందే ఎక్కువ. మంచె కట్టి రాత్రంతా డబ్బా కొట్టే రైతు నాలుగు రోజులు నిలబడతాడు, ఐదో రోజుకు పంది ఆ చప్పుడుకు అలవాటు పడుతుంది. చీరలు కట్టినా, దిష్టిబొమ్మ పెట్టినా అదే వరస. నష్టపరిహారం కాగితం కదిలేలోపు పంట అయిపోతుంది. ఆ కడుపుమంటలోంచే తీగ పుడుతుంది.

తీగల్లో రెండు రకాలు. ఒకటి ఉచ్చు. బైకు క్లచ్ వైరును ముడివేసి, ముళ్లకంచెలో పంది దూరే సందులో మోకాలెత్తున కట్టి, అటూ ఇటూ కంప పేర్చి దారి ఇరుకు చేస్తారు. పందికని పెట్టిన ఉచ్చుకు చుక్కల దుప్పి, ఎలుగు, చిరుత, పులి ఏదైనా చిక్కుతుంది. పెద్ద జంతువు తీగ తెంపుకుని పోయినా బతికిందని కాదు. మెడలోనో కాలిలోనో దిగిన తీగ కోసుకుపోతూ నెలల తరబడి చంపుతుంది. రెండోది కరెంటు తీగ. పొలం మీదుగా పోయే లైనుకు కొక్కెం తగిలించి, కట్టెపుల్లల మీద బైండింగ్ వైరు లాగుతారు. అడవి జంతువులతో పాటు పక్క చేను రైతూ, తెల్లవారుజామున బహిర్భూమికి వెళ్లిన మనిషీ దాని మీదే పోతారు.

ఉచ్చులు ఏరే పనికి పొద్దుటి ఏటవాలు వెలుగు మంచిది, తీగ మెరుస్తుంది. నలుగురైదుగురు రెండేసి మీటర్ల ఎడంతో వరుసగా, చేను గట్టుకూ అడవికీ మధ్య నడవాలి. చూపు నేల మీద కాదు, మోకాలికీ నడుముకీ మధ్య ఉండాలి. కంచె సందులు, నీటి మడుగుకు దిగే దారులు, కొత్తగా నరికి వాల్చిన కంప, ఈ మూడు చోట్లా ఆగి చూడాలి. ఒక ఉచ్చు దొరికితే చుట్టుపక్కల ఇంకా ఉంటాయి. ఒక్కటే పెట్టేవాడు అరుదు.

రైతుకు వేరే దారి చూపకుండా ఉచ్చులు ఏరుతూ కూర్చుంటే ఆ పనికి అంతు ఉండదు. పల్లి చుట్టూ నాలుగు వరుసలు కుసుమ, మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసలు ఆముదం దగ్గర దగ్గరగా వేస్తే పంది సులువుగా దూరదు. కుసుమ ముళ్లు గుచ్చుకుంటాయి, ఆముదం వాసన లోపలి పంట వాసనను కప్పుతుంది. సరిహద్దు వరుసలు పంటకంటే ముందే మొలిచి గుబురెక్కాలి. పంటతోపాటే వేసి ఫలితం లేదనే రైతులు ఎక్కువ. సోలార్ కంచె ఇంకా గట్టిది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును ఎనర్జైజరు సెకనుకు ఒక్కసారి, కంటిరెప్పపాటు కూడా లేని దెబ్బగా వదులుతుంది. తగిలినవాడు అదిరిపడతాడు కానీ చావడు. పంది కోసమైతే కింది తీగ నేలకు అడుగులోపే ఉండాలి. ఈ కంచె పాడయ్యేది దొంగతనంవల్ల కన్నా గడ్డివల్ల. కింది తీగకు పచ్చగడ్డి తగిలితే కరెంటంతా నేలలోకి దిగిపోతుంది. వానాకాలంలో పది పదిహేను రోజులకోసారి కింద చెక్కకపోతే కంచె ఉన్నా లేనట్టే. ఈ రాతినేలలో ఎర్తు కడ్డీ దగ్గర వేసవిలో నీళ్లు పోయాలి. ఎండిన నేల కరెంటును తిప్పి పంపదు.

ఈ చేల మధ్యే ఇంకో సంగతి జరిగింది. 2019లో అమ్రాబాద్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు ప్రతిపాదన కదిలినప్పుడు మొదట గొంతెత్తినవాళ్లు ఈ మండలాలవాళ్లే, పెంటల చెంచులే. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఉచ్చు పెట్టే ఊరూ, అడవికి అడ్డం నిలిచే ఊరూ వేరువేరు కావు.

రెండో రోజు: ఫర్హాబాద్, చెంచు పెంటలు

మన్ననూరు దాటి శ్రీశైలం దిక్కుగా పోతే ఫర్హాబాద్. అక్కడినుంచి లోపలికి మట్టిబాటల మీద పెంటలు. పది ఇళ్లవి ఉన్నాయి, నలభై ఇళ్లవి ఉన్నాయి. చెంచులు బతికేది తేనె, తపసి బంక, ఇప్ప, కుంకుడు, ఉసిరి, సారపప్పు, చిల్లగింజలు, గడ్డల మీద, కొంత కూలి మీద, రేషను మీద. వీళ్లు తీసేది తక్కువ. అయినా ఎలా తీస్తారన్నది చెట్టుకు చావుబతుకుల సంగతి.

తపసి చెట్టుతో మొదలుపెట్టాలి. తెల్లగా నున్నగా, ఆకు రాల్చిన ఈ కాలంలో కొండవాలు మీద దూరానికే కనిపిస్తుంది. ఎండ ముదిరేకొద్దీ బంక ఎక్కువ కారుతుంది. గొడ్డలితో నరికితే మొదటి వారం బంక బాగా వస్తుంది, అదే వల. దెబ్బ బెరడు దాటి చేవలోకి దిగితే ఆ గాయం మూతపడదు. వానకు నీరు నిలిచి కుళ్లుతుంది, పురుగు చేరుతుంది, రెండు మూడేళ్లకు గాలివాన ఆ కోత దగ్గరే విరిచేస్తుంది. చిన్న కత్తితో బెరడును మాత్రమే పలచగా చెక్కి, కొన్ని రోజులకోసారి పై అంచును కొద్దిగా తాజా చేస్తే చెట్టు అడుగునుంచి మళ్లీ బెరడు కప్పుకుంటుంది. సన్నచెట్లను ముట్టుకోకూడదు, కోతకు కోతకు మధ్య బెరడు వదలాలి, వానలు పడ్డాక ఆపాలి. బంక బెరడు ముక్కలు లేకుండా తెల్లగా ఉంటేనే మంచి ధర. గొడ్డలి బంకలో పొట్టు కలిసి నల్లబడుతుంది కాబట్టి మంచి పద్ధతి చెట్టుకే కాదు, సంచికీ లాభం. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు సమయానికి పెంటకు చేరినచోట గొడ్డలి తగ్గుతుంది. అది ఆలస్యమైతే దళారి వస్తాడు, వాడికి రంగుతో పనిలేదు, తూకంతోనే.

కొండతేనె చీకటిరాత్రుల పని. కొండ అంచునుంచి తీగల తాడు మీద దిగి, పచ్చి ఆకులు కట్టిన కట్ట పొగతో ఈగలను పక్కకు తోలి పట్టు కోస్తారు. అక్కమొగుడు దిగుతుంటే తాడు బామ్మర్ది చేతిలో ఉండాలన్నది ఆనవాయితీ. తోబుట్టువు పసుపుకుంకాలు ఆ తాడు మీదే ఉంటాయి. పట్టు పైభాగంలో రాతికి అంటుకుని తేనె, కింద పిల్లలు. తేనె ముద్ద మాత్రం కోసి పిల్లల భాగాన్ని వదిలితే ఈగలు కొన్నాళ్లకే మళ్లీ కట్టుకుంటాయి. మొత్తం కోసి చేత్తో పిండితే పిల్లల రసం కలిసి తేనె పులుస్తుంది, ఆ గుంపూ పోతుంది. పెంట మనిషి ఈ తేడా చిన్నప్పటినుంచీ ఎరుగు. తొందరపడేది రాత్రికి రాత్రి వచ్చిపోయే బయటి గుంపులు. పొగ బదులు నేరుగా మంటతో కాలుస్తారు, రవ్వలు కింద ఎండుటాకుల్లో పడతాయి.

నిప్పు సంగతి ఇక్కడే చెప్పాలి. నల్లమలలో ఫిబ్రవరి నడుమనుంచి తొలకరి దాకా నిప్పుకాలం. మంట తనంతట తాను పుట్టడం చాలా అరుదు. ఇప్పపువ్వు తెల్లవారకముందే రాలుతుంది, ఎండుటాకుల్లో కనిపించదు కాబట్టి చెట్టుకింద ఆకు కాలుస్తారు. తునికి పొదలు లేత చిగురు వేయాలని కాలుస్తారు. పశువులకు పచ్చగడ్డి మొలవాలని కాలుస్తారు. ఆ మంట ఆరిపోయిందనుకుని ఇంటికి పోతారు.

వీటిలో ప్రతిదానికీ కాల్చనక్కర్లేని పద్ధతి ఉంది. ఇప్పచెట్టు కింద చీపురుతో ఊడ్చి, పాతచీరలు పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, మట్టి అంటదు. తెల్లారకముందే ఎలుగుబంటి కూడా అదే చెట్టుకు వస్తుంది కాబట్టి వెలుగొచ్చాకే ఒంటరిగా కాకుండా పోవాలి. తునికి పొదను నేలమట్టానికి కొడవలితో కొట్టేస్తే దాదాపు 45 రోజుల్లో కోతకొచ్చే ఆకు వస్తుంది. కాల్చినదానికన్నా ఆకు మెత్తగా, మచ్చలేకుండా ఉంటుంది. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి అని లెక్క. మచ్చ ఆకు కట్టలో నిలవదు.

కింది మంట పెద్ద టేకునూ నల్లమద్దినీ పెద్దగా ఏమీ చేయదు. అందుకే కాలినా అడవి అలాగే ఉందిగదా అంటారు. పోయేది మోకాలెత్తు మొక్కలు, వెదురు పిలకలు, నేల మీద గుడ్లు పెట్టే కౌజులు, నెమళ్లు. ఏటా కాలే వాలులో పదేళ్లకు పెద్దచెట్లుంటాయి, వాటికి వారసులుండరు.

ఉపగ్రహం ఇప్పుడు మంటను గంటల్లో పట్టి ఫోనుకు పంపుతుంది. కానీ మ్యాపు మీది ఆ చుక్క 375 మీటర్ల గడి. ఆ గడిలో మంట ఏ బండ వెనకుందో, ఏ వాగు దగ్గర ఆగుతుందో తెలిసింది అటవీశాఖ బేస్ క్యాంపులో కాపలా ఉండే చెంచు వాచర్లకే. ఆర్పడం పచ్చికొమ్మలతో కొట్టి, ఆకు ఊడ్చి గీత తీసి. ఎదురుమంట పెట్టాలంటే ముందు వెనకవైపు గీత శుభ్రంగా ఊడ్చి ఉండాలి. అది లేకుండా అంటిస్తే గాలి తిరిగి మంట రెండవుతుంది. ఆరిన మర్నాడు మళ్లీ వెళ్లాలి. బోలు మొద్దుల్లో నిప్పు రెండు మూడు రోజులు దాగుంటుంది.

మూడో రోజు: వటవర్లపల్లి, దోమలపెంట, శ్రీశైలం

ఈ రోజంతా తారురోడ్డే, అంతకుమించి చూడవలసిందీ ఆ రోడ్డే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూస్తారు కాబట్టి రాత్రి అడవికి మిగిలింది. పగలు మాత్రం కారు ఆపి కోతులకు అరటిపండు, బిస్కెట్టు వేయడం పుణ్యమనుకుంటారు. కోతి రోడ్డు వదలదు, టైరు కిందకు వస్తుంది. దాని వెనక చిరుత వస్తుంది. ఏప్రిల్‌లో చైత్రపౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతర. చెంచులే పూజారులైన ఆ లోయలోకి కొద్దిరోజుల్లో వేలకు వేల మంది దిగుతారు. ఒక పెంట ఏడాదంతా వాడే ప్లాస్టిక్ అక్కడ ఒక్క పూటలో పడుతుంది.

వటవర్లపల్లి వంటి లోపలి ఊళ్లను బయటికి తరలించే మాట చాలాకాలంగా నడుస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ల హక్కులు ముందు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ 2021 నుంచి ఉంది. ఒప్పుకుని, మంచి భూమి చూసుకుని వెళ్లేవాళ్లను ఎవరూ ఆపనక్కర్లేదు. కానీ రోడ్డు, జాతర, బయటి మందలు అలాగే ఉంచి పది ఇళ్ల పెంటనే ముందు కదిలిస్తే అడవికి కలిసొచ్చేది ఏమిటి? మంటను మొదట చూసే మనిషి పోతాడు.

కృష్ణ దాటాక సున్నిపెంట, శ్రీశైలం. శిఖరేశ్వరం దగ్గర కొబ్బరిచిప్పలకు ఎలుగుబంట్లు అలవాటు పడ్డాయి. చెత్తకుప్ప మూతలేకుండా ఉన్నంతకాలం అవి మానవు.

నాలుగో రోజు: దోర్నాల, బైర్లూటి, ఆత్మకూరు

శ్రీశైలం నుంచి దోర్నాల దిగి, పడమరకు ఆత్మకూరు రోడ్డు పట్టాలి. ఇది మందల దారి. ఎండకాలం చేలల్లో మేత అయిపోగానే ప్రకాశం, నంద్యాల, పాలమూరు వైపునుంచి పశువులు, గొర్రెలు, మేకలు అడవి అంచుకు, అక్కడినుంచి లోపలికి వస్తాయి. దొడ్డి వేసిన చోటు ఖాళీ చేశాక కూడా గుర్తుపట్టొచ్చు. గుండ్రంగా బోడినేల, పేడ బలానికి వయ్యారిభామ, ఉమ్మెత్త. మేత గడ్డి అక్కడికి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. మేకలకు అందని కొమ్మలు కాపరి నరికి వేస్తాడు, ఏపి అనే చెట్లు తలలు లేకుండా మొండిగా నిలబడి ఉంటాయి. మార్చిలో మడుగు ఒక్కటే ఉంటే మంద పొద్దంతా దాని చుట్టూ పడుకుంటుంది, దుప్పి, కడితి రాత్రికి గానీ దిగలేవు.

కంటికి కనపడని నష్టం గాలికుంటు. పశువు లాలాజలంతో మడుగులో, మేతలో అంటుకుని కడితికీ అడవిదున్నకీ సోకుతుంది. ఎన్నో దశాబ్దాలుగా నల్లమలలో లేని అడవిదున్న 2024లో వెలుగోడు, బైర్లూటి వైపు కనిపించింది. ఒక్క మంద తెగులు దాన్ని తుడిచేయగలదు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఊళ్లో పడుతుంది కానీ, ఆ రోజు మంద అడవిలో ఉంటే లెక్కలోకి రాదు. అందుకే అంచు ఊళ్లలో టీకా మంద అడవికి బయల్దేరడానికి మూడు నాలుగు వారాల ముందే వేయాలి. బలం రావడానికి ఆమాత్రం వ్యవధి కావాలి.

పులి ఆవును కొడితే చేయవలసింది తేలిక, చేసేవాళ్లు తక్కువ. కళేబరాన్ని కదపకూడదు, చుట్టూ తొక్కకూడదు, వెంటనే బీటు ఆఫీసరుకు చెప్పాలి, పశువైద్యుడు చూసి రాయాలి. కదిపితే అడుగుజాడ పోతుంది, పరిహారం పోతుంది, పులి ఆకలితో ఇంకో ఆవును కొడుతుంది. పరిహారం ఎంతన్నదానికన్నా ఎన్ని రోజుల్లో వస్తుందన్నదే ఊరిని ఆపుతుంది. ఆలస్యమైన ఊళ్లో కళేబరం మీద పురుగుమందు చల్లే చెయ్యి లేస్తుంది. ఆ ఒక్క చల్లుతో పులి, హైనా, నక్క, కాకి అన్నీ పోతాయి.

ఆత్మకూరు దగ్గరి పెద్దగుమ్మడాపురంలో 2023 మార్చిలో నాలుగు పులిపిల్లలు ఊరంచున దొరికాయి. ఊరివాళ్లు వాటిని కుక్కలనుంచి కాపాడి అటవీశాఖకు చెప్పారు. తల్లితో కలపడానికి చేసిన ప్రయత్నాలు ఫలించక తిరుపతి జూకు పంపారు. చంపకుండా కబురు పెట్టిన ఊరది, అది మరవకూడదు. అలాంటప్పుడు పాటించవలసినదీ అక్కడే తెలుస్తుంది. పిల్లలను ఎత్తి ఇంట్లోకి తేకుండా దూరంగా కాపలా ఉండి, కుక్కలను కట్టేసి, సెల్‌ఫోన్ గుంపును ఆపగలిగితే తల్లి ఆ రాత్రి తిరిగి రావడానికి వీలుంటుంది. కుక్కల విషయం చిన్నదనుకుంటారు. కాపరుల కుక్కలు దుప్పిపిల్లలను తరమడమే కాదు, డిస్టెంపరు, రేబిస్ జబ్బులు మోస్తాయి. మందతోపాటు వాటికీ టీకా వేయాలి.

2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు, తెలంగాణలో 21. ఈ అంకె కెమెరాలు మోసి, అడుగులు వెతికి తెచ్చిన చెంచు వాచర్ల కాళ్లకష్టం కూడా.

ఐదు, ఆరు రోజులు: వెంకటాపురం నుంచి భీమునికొలను

శివరాత్రికి, ఉగాదికి మాత్రమే తెరిచే కాలిబాట ఇది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం, నాగలూటి వీరభద్రుని గుడి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం. కర్ణాటక, మహారాష్ట్రలనుంచి భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లుడిగా కొలుస్తూ పాదరక్షలు లేకుండా వచ్చేవాళ్లు రాత్రీపగలూ నడుస్తారు. నాగలూటి ఎక్కుడులో రాతిమెట్ల మీద పడే ఆ అడుగుల వరస వందల ఏళ్లది. ఈ బాటను మూసేయమనడం సులువు, న్యాయం కాదు. నడిచే పద్ధతి సరిచేయాలి.

ముప్పు పొయ్యిలతో. అలసినచోటల్లా మూడు రాళ్లు పెట్టి ఎండుపుల్లలతో వండి, బూడిద మీద గుప్పెడు మట్టి వేసి లేస్తారు. ఎండుటాకుల నేలలో మట్టి చాలదు. నీళ్లు పోసి, పుల్లతో కలిపి, చెయ్యి పెడితే వేడి తగలనంతదాకా మళ్లీ పోయాలి. వంటకు నీళ్లున్న చోట్లే, పెద్దచెరువులాంటి విడిదుల్లోనే, చుట్టూ ఆకు ఊడ్చిన స్థలంలో గ్యాసు పొయ్యితో అన్నదాన సంఘాలు వండితే దారిపొయ్యి అవసరమే ఉండదు. పెద్దచెరువులో స్నానం చేసినా సబ్బు, షాంపూ పొట్లం వాడకూడదు. వేసవంతా ఆ నీళ్లే జంతువులకు, చెరువుగట్టు మీది చెంచుగూడేనికి.

పెద్దచెరువులో రాత్రి ఆగి, ఆరో రోజు తెల్లవారకముందే మఠంబావి దాటితే భీమునికొలను లోయకు ఎండ ఎక్కకముందు చేరొచ్చు. అక్కడ మెట్లు నిలువుగా దిగి నిలువుగా ఎక్కుతాయి. బరువు మోయలేక జనం సంచులు తేలిక చేసుకునేది సరిగ్గా ఇక్కడే: నీళ్ల సీసాలు, గ్లాసులు, తడి బట్టలు లోయలోకి పోతాయి. దిగుడు మొదట్లోనే చెత్తసంచులు కట్టి, అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టడం అవసరం. ఎక్కుడు పైన కైలాసద్వారం దగ్గర ఎన్ని పెట్టినా లాభం లేదు, అక్కడికి సీసా రాదు. కిందికి పోయినది తీసే పని బాట మూసిన మర్నాడే మొదలవ్వాలి. లోయ అడుగు వాగు తొలకరి దాకా పెద్దగా పారదు. మొదటి వాన పడిందంటే అందులో ఉన్నదంతా కృష్ణలో కలుస్తుంది.